పాల లెక్కల పుస్తకంలో కంప్యూటర్ జ్వరం

పోయిన నెల మామిడికాయ తొక్కు గురించి రాసిన మనిషి ఈసారి కంప్యూటర్ గురించి రాస్తోందేమిటని నవ్వుకోకండి. తొక్కు చదివి "మాకు నూనె పైకి తేలలేదు" అని అడిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. ఇది చదివి అడిగేవాళ్ళు ఇంకా ఎక్కువే ఉంటారని నా అనుమానం. ఇంటర్ దాటిన మగపిల్లలున్న ఇళ్ళన్నిట్లో ఇప్పుడు ఒకటే పోరు కదా, గేమింగ్ పీసీ కావాలని. మా ఇంట్లో ఆ పోరు ఏడాదిన్నర నడిచింది.

మా పెద్దోడిది డిగ్రీ రెండో సంవత్సరం. ఇక్కడే మెదక్‌లో ఒక ఫొటో స్టూడియోకు పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసిపెడతాడు. ముహూర్తాల నెలల్లో వాడికి అన్నం తినడానికి కూడా తీరిక ఉండదు. అలా 30,000 కూడబెట్టాడు. నా చిట్టీ ఎత్తిన డబ్బులో నుంచి 25,000 నేనిచ్చాను. "వీడియోలు చేసుకోవడానికి" అని వాళ్ళ నాన్నకు చెప్పాడు. ఆటల కోసమని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. నిజం చెప్పాలంటే రెండిటికీ ఒకే బలం కావాలట. పెళ్ళి వీడియోను తిప్పలేని మిషను ఆటనూ తిప్పలేదు.

ఏప్రిల్‌లో నేనూ వాడూ జేబీఎస్ బస్సెక్కి సికింద్రాబాద్ వెళ్ళాం. నాకు జీరో టికెట్, వాడికి డబ్బులు. ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది చూడండి, అందరూ సీటీసీ అంటారు. మనకు బట్టలకు జనరల్ బజార్ ఎట్లాగో, కంప్యూటర్ సామాన్లకు అది అట్లా. ప్రాసెసర్ 9,500, మదర్‌బోర్డు 7,500, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ కలిపి 6,700, ఎస్‌ఎంపీఎస్ 4,300, క్యాబినెట్ 3,000, మానిటర్ 8,500. వాడు బేరం ఆడలేకపోతుంటే నేను ఆడాను. చీరల షాపులో పనికొచ్చిన మాటలే అక్కడా పనికొచ్చాయి. గ్రాఫిక్స్ కార్డు మాత్రం వాడు అంతకు ముందు వారమే వెళ్ళి 15,500 పెట్టి తెచ్చుకున్నాడు. దాని సంగతి తర్వాత చెప్తాను. మొత్తం 55,000. మా సారు లెక్కల పంతులు కదా, ఇంటి ఖర్చుల డైరీలో ఒక్కొక్క సామాను పేరూ, ధరా, పక్కన "కొత్తది" అనీ రాసుకున్నారు.

పై గదిలో దుప్పటి పరిచి, యూట్యూబ్ చూసుకుంటూ వాడే బిగించుకున్నాడు. సాయంత్రానికి రంగు రంగుల లైట్లతో వెలిగింది. మా అత్తమ్మ మెట్లెక్కి వచ్చి మరీ చూసి, "గిది కంప్యూటరా, బోనాల బండా?" అంది.

పది రోజులు బాగానే ఉంది. తర్వాత ఆగిపోవడం మొదలైంది. ఆడుతుంటే టప్పున చీకటి. వీడియో తయారవుతుంటే టప్పున చీకటి. ఏ హెచ్చరికా లేదు.

ఇంట్లో ఒక వస్తువు చెడిపోతే ఎవరికి నచ్చిన దొంగను వాళ్ళు పట్టుకుంటారు. మా సారు ఆటను పట్టుకున్నారు. "రాత్రి రెండు గంటలదాక ఆడితె మనిషే పడిపోతడు, మిషిను పడిపోదా?" అత్తమ్మ దిష్టిని పట్టుకుంది. "కిటికి తెరిసి గన్ని లైట్లు ఎలిగిస్తె కండ్లు పడయా బిడ్డా?" అని నిమ్మకాయ, ఎండుమిరపకాయలు దారానికి గుచ్చి ఆ డబ్బాకు కట్టింది. స్టూడియో అన్న విండోస్‌ను పట్టుకున్నాడు, మళ్ళీ ఎక్కించమన్నాడు. ఎక్కించాడు, మళ్ళీ ఆగింది. మావాడు ఎస్‌ఎంపీఎస్‌ను పట్టుకున్నాడు. అంటే గోడలోని కరెంటును లోపలి సామాన్లకు తగ్గించి పంచే డబ్బా. అది చాలట్లేదు, ఇంకో 7,000 పెడితే పెద్దది వస్తుంది అన్నాడు.

వేసవి సెలవులు కావడంతో సారు ఇంట్లోనే ఉన్నారు. అది ఇంకో కష్టం. అది ఆగిన ప్రతిసారీ పైనుంచి కుర్చీ జరిగిన చప్పుడు వినిపించేది. కింద ఈయన పేపర్ మడిచి నా వైపు చూసేవారు. నెలాఖరుకు ఒక పెళ్ళి వీడియో ఇవ్వాల్సి ఉంది. మన చర్చిలో అయిన పెళ్ళి. 1924 డిసెంబర్ 25న తెరిచిన చర్చి, 2024 క్రిస్మస్‌కు నూరేళ్ళు నిండాయి. పగటి వెలుతురు పడితేనే కనిపించే ఆ రంగుటద్దాల బొమ్మల కింద పెళ్ళికూతురు నడిచి వచ్చే ముక్కను వాడు నాలుగుసార్లు చేశాడు. నాలుగుసార్లూ మధ్యలోనే పోయింది. "ఈ పని ఆలస్యమైతే ఇంకొకనికిస్తరమ్మా" అని అన్నప్పుడు వాడి గొంతు చూసి నాకు భయమేసింది. సారు మాత్రం "అమ్మేయ్, వచ్చినకాడికి వస్తయి" అన్నారు. ఆ రోజు నుంచి తండ్రీకొడుకుల మధ్య మాటలు నా మీదుగానే నడిచాయి. "మీ డాడీకి చెప్పు", "వానికి చెప్పు" అంటూ.

నేనొక్కటే చెప్పాను. వారం రోజులు ఒక్క రూపాయి ఖర్చు పెట్టేది లేదు, ఏ సామానూ మార్చేది లేదు. ఎప్పుడు ఆగిందో రాద్దాం. పిల్లలకు జ్వరం వస్తూ పోతూ ఉంటే డాక్టరు అడిగేది ఏమిటి? ఎన్ని గంటలకు వచ్చింది, ఎంత ఉంది, అంతకు ముందు ఏం తిన్నాడు? మందు ఆ తర్వాతే కదా. ఒకేసారి నాలుగు మందులు వేస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో ఎవరికి తెలుస్తుంది? వాడు విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అని ఒకటి తెరిచి చూపించాడు. ప్రతిసారీ అక్కడ ఒకటే రాత, కర్నెల్ పవర్ 41. ఆ నంబరేదో రోగం పేరు అని వాడు గాభరాపడ్డాడు. చదివి చూస్తే దాని అర్థం ఇంతే: కంప్యూటర్ సరిగ్గా ఆపకుండానే ఆగిపోయింది. ఆ ముక్క మనకు తెలియకనా! ఇంట్లో దొంగలు పడ్డారని చెప్పి వెళ్ళిపోయే మనిషి లాంటిదది. ఎవరు, ఎటునుంచి వచ్చారు అనేది చెప్పదు.

పాల లెక్కల పుస్తకం వెనక పేజీల్లో గీతలు గీశాను. తేదీ, టైము, అప్పుడు ఏం చేస్తున్నాడు, ఆగేముందు ఏమైనా తేడా వచ్చిందా, ఇంట్లో ఏం జరుగుతోంది. ఆ చివరి గడి ఎందుకని వాడు అడిగాడు. ఎందుకో నాకూ తెలియదు, ఊరికే ఉండనీ అన్నాను. ఉష్ణోగ్రత చూపించే చిన్న ప్రోగ్రాం ఒకటి ఎక్కించుకోమంటే, ఆ అంకె కూడా రాయడం మొదలుపెట్టాడు.

మూడో రోజు నాకో ఆలోచన వచ్చింది. గ్రాఫిక్స్ కార్డు అన్నిటికన్నా ఖరీదైన సామాను, కొత్తది, వారంటీ ఉంటుంది. ముందు దాన్నే పంపి చూపించుకుంటే పైసా ఖర్చుండదు కదా? సారు కూడా అదే మాట రెండుసార్లు అన్నారు. మావాడు అవుననడు, కాదనడు. ఆ రాత్రి డాబా మీద బట్టలు తీస్తుంటే వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"అమ్మా, కార్డు కొత్తది కాదు."

హైదరాబాద్‌లో ఎవరో వాడి అమ్మేసినది. బిల్లు లేదు, వారంటీ లేదు. అదే కొత్తదైతే 22,000 అవుతుందట, అంత వాడి దగ్గర లేదు. "పాతదంటే డాడీ కొననియ్యడని..." అన్నాడు. అప్పుడు నాకర్థమైంది. వాడు ఎస్‌ఎంపీఎస్ మీద పడి ఏడ్చేది దాని మీద అనుమానంతో కాదు. కార్డే పోయిందని వాడి భయం. అది పోతే 15,500 నీళ్ళపాలు, పైగా అబద్ధం బయటపడుతుంది. అందుకే ఆ వైపు చూడకుండా మిగతా అన్ని వైపులా చూస్తున్నాడు.

కోపం రాలేదంటే నమ్మరు, వచ్చింది. బట్టల మూట వాడి చేతిలో పెట్టి, "ఈ మాట నేను చెప్పను. నువ్వే చెప్పాలి" అన్నాను. "చెప్తమ్మా, బాగైనంక" అన్నాడు. పుస్తకంలో మాత్రం ఆ సంగతి రాయలేదు. పాలవాడి లెక్క కోసం సారు ఆ పుస్తకం తెరుస్తారు.

తెరిచారు కూడా. పదహారు రోజులకు పదమూడుసార్లు ఆగింది. ఆ మరుసటి పొద్దున నేను పుస్తకం తీసి చూస్తే, ఎనిమిదింటి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు, మిగతా ఐదింటి చుట్టూ ఎర్ర చదరాలు. కింద పరీక్ష పేపర్ మీద రాసినట్టు "ఇవి రెండు వేరు" అని ఒక్క మాట. ఆయనతో ఇదేమిటని అడిగితే, "పాల లెక్క చూస్తుంటె కండ్లబడ్డది" అన్నారు. ముప్పై ఏళ్ళుగా పిల్లల తప్పులు దిద్దిన చెయ్యి, పుస్తకం కనిపిస్తే ఊరుకోదు.

నిజంగానే వేరు. సున్నా చుట్టిన ఎనిమిదీ ఆటలోనో, వీడియో తయారయ్యేటప్పుడో, ఇరవై నిమిషాలు దాటాక, ఎక్కువగా మధ్యాహ్నాలు. ఆగేముందు ఫ్యాన్ హోరుమంటోంది, బొమ్మ నత్తలా నడుస్తోంది. ఉష్ణోగ్రత గడిలో 98, 99, 100. చదరం గీసిన ఐదింట్లో ఆ లక్షణం ఒక్కటీ లేదు. అందులో రెండుసార్లు వాడు కింద కూర్చుని అన్నం తింటున్నాడు, పైన కంప్యూటర్ ఊరికే ఉంది.

ముందు సున్నాల పని పట్టాం. మాది పైన స్లాబు గది, మే నెలలో మధ్యాహ్నం గోడ మీద చెయ్యి పెట్టలేం. ప్రాసెసర్ వేడెక్కితే ముందు తన వేగం తనే తగ్గించుకుంటుంది. బొమ్మ నెమ్మదించేది అందుకే. అయినా వేడి ఆగకపోతే, కాలిపోకుండా తనంతట తనే ఆగిపోతుంది. ఎంత వేసవైనా 100 రాకూడదు. అంటే వేడిని లాగే ఫ్యాన్ పని చేయట్లేదా? తిరుగుతూనే ఉందే.

ప్లగ్గు పీకి, పక్క రేకు తీశాం. ఒక మాట: మీ పిల్లలు ఇలా తెరిస్తే, ముందు ప్లగ్గు పూర్తిగా పీకించండి, క్యాబినెట్ ఇనుమును ఒకసారి ముట్టుకోమనండి, ఒంట్లోని స్టాటిక్ కరెంటు బోర్డును కొట్టకుండా. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎవరూ విప్పకూడదు. ప్లగ్గు తీసేసినా దాని లోపల కరెంటు కాసేపు నిలవుంటుంది.

మొబైల్ టార్చ్ నేను పట్టుకున్నాను. ప్రాసెసర్ మీది ఫ్యాన్‌కు నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి, బోర్డు కన్నాల్లోకి నొక్కితే టిక్కుమని కూర్చోవాలి. మూడు కూర్చున్నాయి. నాలుగోది పైనుంచి చూస్తే కూర్చున్నట్టే ఉంది, వేలుతో కదిపితే కదులుతోంది. కుక్కర్ మూత ఒక పక్క సరిగ్గా పట్టకపోతే ఆవిరంతా అటునుంచి పోతూ విజిల్ రాదు చూడండి, అట్లా ఆ ఒక్క మూల ఎత్తుగా ఉండి ఫ్యాన్ కింది దిమ్మె ప్రాసెసర్‌కు సరిగా ఆనలేదు. వేడి పైకి ఎక్కే దారే లేదు. ఫ్యాన్ పాపం ఖాళీ గాలిని తిప్పుతోంది.

ఒకసారి తీసిన ఫ్యాన్‌ను అట్లాగే మళ్ళీ పెట్టకూడదట. పాత పేస్టు తుడిచి కొత్తది వేయాలి. రాందాస్ చౌరస్తా దగ్గర కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడి దగ్గర చిన్న గొట్టం దొరికింది. శనగగింజంత పెట్టి, పిన్నులను ఎదురెదురు మూలలుగా నొక్కాడు, నాలుగు టిక్కులూ నేను లెక్కపెట్టాను. ఆన్ చేస్తే, ఊరికే ఉన్నప్పుడు 62 ఉండేది 44 అయింది. వీడియో నలభై నిమిషాలు నడిపితే 76 దాటలేదు. పెళ్ళికూతురు చివరికి నడిచి వేదిక దాకా వచ్చింది. మా అత్తమ్మ, "నిమ్మకాయ వాడిపోయింది జూడు, దిష్టంతా అదే గుంజింది" అంది.

నాలుగు రోజులు ఆగలేదు. ఐదో రోజు మధ్యాహ్నం, అందరం తింటుండగా పైన మానిటర్ ఆరిపోయింది. వాడు వెళ్ళి చూసి, కిందికి రాకుండా మెట్ల మీదే కూర్చున్నాడు. నేను వెళ్తే, "కార్డేనమ్మా" అన్నాడు చిన్నగా.

ఆ చివరి గడి అప్పుడు పనికొచ్చింది. చదరాలు గీసిన ఐదు వరసల్లోనూ నేను రాసుకున్నది దాదాపు ఒకటే: ఫ్రిజ్ ఆగి మళ్ళీ మొదలైంది, ఇన్వర్టర్ టక్. మా ఇన్వర్టర్ వంటింటి బయట మెట్ల కింద ఉంటుంది. కరెంటు ఒక్క క్షణం పోయి వస్తే అది టక్కుమంటుంది. ఫ్రిజ్‌కు ఇన్వర్టర్ లైన్ లేదు కాబట్టి దాని రొద ఆగుతుంది. పగటిపూట లైట్లు వేసి ఉండవు, ఫ్యాన్ ఆగే లోపే మళ్ళీ తిరుగుతుంది, కాబట్టి హాల్లో కూర్చున్నవాళ్ళకు కరెంటు పోయిన సంగతే తెలియదు. పైన చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాడికి అసలే తెలియదు. ఆ చప్పుడు వినిపించేది వంటింట్లో ఉన్నవాళ్ళకే. ఈ రోజు మధ్యాహ్నం కూడా, నేను పెరుగు కోసం ఫ్రిజ్ తలుపు తీసినప్పుడే టక్కుమంది.

కంప్యూటర్ ఇన్వర్టర్ లైన్ మీదే ఉంది కదా, మరెందుకు ఆగుతోంది? మా ఇంటికి వైరింగ్ చేసిన తమ్ముడిని పిలిపిస్తే, ఇన్వర్టర్ వెనక చిన్న స్విచ్చు చూపించాడు. ఒక వైపు ఎకో, ఇంకో వైపు యూపీఎస్ అని ఉంటుంది. చాలా ఇళ్ళల్లో అది ఎకో మీదే ఉంటుందట. అలా ఉంటే కరెంటు పోయినప్పుడు బ్యాటరీకి మారడానికి కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఫ్యాన్లకూ లైట్లకూ అదేం లెక్క కాదు. కంప్యూటర్‌కు లెక్కే. ఎస్‌ఎంపీఎస్ తన లోపల దాచుకున్న దాంతో నెట్టుకొచ్చేది సెకనును వెయ్యి భాగాలు చేస్తే పదహారో పదిహేడో భాగాలంతసేపు. అంతకన్నా ఆలస్యమైతే దాని దృష్టిలో కరెంటు పోయినట్టే. యూపీఎస్ వైపు నొక్కితే ఇన్వర్టర్ త్వరగా మారుతుంది. అదృష్టం, మాది సైన్ వేవ్ ఇన్వర్టర్. స్క్వేర్ వేవ్ వాటితో కొన్ని కొత్త ఎస్‌ఎంపీఎస్‌లకు పొసగదు అని కూడా చెప్పాడు. అలాంటిది ఉన్నవాళ్ళు కంప్యూటర్‌కు వేరే యూపీఎస్ పెట్టుకోవడమే మేలట.

స్విచ్చు మార్చి, మెయిన్ ఆపి వేసి ఆరుసార్లు పరీక్ష చేశాం. నేను మెట్ల కింద, వాడు పైన, మధ్యలో మా చిన్నది అరుస్తూ. "ఉందా?" "ఉందమ్మా!" ఆరోసారికి సారు కూడా పేపర్ పక్కన పెట్టి మెట్ల దగ్గర నిలబడ్డారు. పెద్ద ఎస్‌ఎంపీఎస్ కొనక్కర్లేదు, కార్డు నిక్షేపంలా ఉంది. పేస్టుకూ, ఆ తమ్ముడికీ కలిపి అయింది 450.

పెళ్ళి వీడియో గడువుకు రెండు రోజుల ముందే ఇచ్చేశాడు.

ఇక మిగిలింది ఆ మాట. రెండు రోజులు ఎదురుచూశాను. మూడో రోజు నేనే కదిపితే, "అమ్మా, కార్డు మంచిగనే ఉన్నదిగా. ఇగ చెప్పుడెందుకు?" అన్నాడు. అది పోయి ఉంటే చెప్పక తప్పేది కాదు. బాగుంది కాబట్టే తప్పించుకునే దారి దొరికింది. నేనేమీ ఉపన్యాసం ఇవ్వలేదు. "డైరీల కొత్తది అని రాసుకున్నడు. నీ మాట నమ్మి రాసిండు" అన్నాను అంతే.

ఆ సాయంత్రం సారు వాకిట్లో కుర్చీ వేసుకుని ఉంటే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. నేను కిటికీ లోపల చిక్కుడుకాయలు తుంచుతూ విన్నాను. రెండు ముక్కల్లో చెప్పేశాడు. సారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగినవి రెండే ప్రశ్నలు, ఎవరి దగ్గర కొన్నావు, కొనేముందు నడిపించి చూశావా అని. చూశానన్నాడు. లోపలికి వచ్చి డైరీ తీసి, "కొత్తది" అన్న మాట కొట్టేసి, పైన "పాతది" అని రాసి, పక్కన ఆ రోజు తేదీ వేశారు. రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. వాడూ పైనుంచి ఆటల చప్పుడు రానివ్వలేదు.

మూడో రాత్రి పడుకునే ముందు మెట్ల కింద నిలబడి పైకి అడిగారు, నా మీదుగా కాకుండా.

"ఎంతున్నదిరా ఇయ్యాల?"

"46, డాడీ."

"రూములనా, దాన్లనా?"

"దాన్ల. రూముల 38."

"మరి కిటికి తెరువు" అని వెళ్ళి పడుకున్నారు. నిమ్మకాయ మాత్రం ఇంకా డబ్బాకే ఉంది. తీసేస్తానంటే అత్తమ్మ ఊరుకోవట్లేదు.